తాడిమర్రిలో ఒక చేపలబుట్ట

మొన్నటి శ్రావణమాసమున బంధువుల ఇంట పెండ్లికై మేము తాడిమర్రికి వెళ్లితిమి. ధర్మవరము దాటినది మొదలు దారికి ఇరుప్రక్కల వేరుసెనగ చేలును, ఎఱ్ఱనేలయును, బోడిగుట్టలును తప్ప వేఱొకటి కానరాదు. కర్ణాటకమున చిక్కబళ్లాపుర ప్రాంతమందు పుట్టిన చిత్రావతి ఈ సీమమీదుగా సాగి కడపజిల్లాలో పెన్నను కలయును. ఏరన్న మాటయే గాని, ఏడాదిలో పెక్కునెలలు ఇసుకయే. అట్టిచోట చేపలు పట్టు పనిముట్లను చూతుమని మేము కలనైన తలపలేదు.

పెండ్లియింటి వెనుకవీధిలో ఒక బెస్తవారి అవ్వ మమ్ము లోనికి పిలిచి, అటుకమీదినుండి ఒక్కొక్కటియే దింపించినది: వెదురు గాలపుకఱ్ఱ, నెమలియీక కాడతో చేసిన బెండు, కాల్చిన మట్టిగుండ్లు కట్టిన నూలువల. నూలు నీట నాని చివుకకుండ పూర్వము తుమ్మచెక్క కషాయమున ముంచెడివారు. నైలాను వచ్చిన పిదప ఆ శ్రమ పోయినది. ఆ వలలును పోయినవి.

తుదకు చేపలబుట్ట వచ్చినది. సన్నని వెదురుబద్దల అల్లిక. పొట్ట వెడల్పు, మెడ ఇఱుకు. లోనబడిన చేప ఎగిరి వెలికి రాలేదు. సందులగుండ గాలి యాడును. తడియాకు పఱచినచో ఆ తేమ ఆవిరియగుచు చలువ నిచ్చును. కొఱమీను గాలి పీల్చగలది గనుక అందు చాలసేపు ప్రాణముతో నుండును. చిన్ననాడు మా తండ్రిగారు అమరకోశము వల్లె వేయించుచు, వారివర్గమున కువేణి యనగా చేపలబుట్ట, బడిశమనగా గాలమని చెప్పిరి. ఇన్నేండ్లు మాకది నోటిమాటయే. నేడు చేతికి తగిలినది!

ఇంగ్లండులో ఐజాక్ వాల్టన్ గాలపువేటనుగూర్చి 1653లోనే గ్రంథము వ్రాసెను. ఆ దేశమునను అమెరికాలోను పాతబుట్టలను, గాలములను వెలయిచ్చి కొని దాచుకొను వేడుకకాండ్రు కలరు. మాకును ఆ ఆశయే పుట్టినది. "అవ్వా, దీనికి వెల యేమి?" అంటిమి.

అవ్వ మొగమున నవ్వు మాసినది. "లేదమ్మా, ఇది అమ్మేది కాదు. మా ఇంటాయన నడుముకు కట్టుకున్న బుట్ట. చెరువు నిండిన యేడు దీన్నే దించుతాం" అన్నది. పార్నపల్లెకడ చిత్రావతికి జలాశయము కట్టినందున ఆమె మనుమలు అచటికే నైలాను వలలతో పోవుదురట. అయినను చెరువు నిండునన్న ఆశ ఆ అటుకమీదనే యున్నది. దానికి వెల యడిగినందులకు మేము సిగ్గుపడితిమి.

అవ్వయే మమ్ము ఊరడించి మేదరి ఇంటికి దారి చూపినది. ఆ ముసలివాడు ఇట్టి మెడ అల్లి చాల యేండ్లయినదనుచునే బద్దలు చీల్చుటకు కూర్చుండెను. ప్రక్కనే అతని మనుమరాలు కూర్చుండి చూచుచుండెను. మూడవనాటికి బుట్ట సిద్ధమైనది.

సోదరీమణులారా! మీ అటుకలమీదను ఇట్టివి కలవేమో చూడుడు. వాని పేరులు పెద్దలనడిగి వ్రాసియుంచుడు. పరుల ఇంటివైనచో చేయిచాపకుడు. అల్లువాడున్న చోట క్రొత్తది అల్లించుకొనుడు. మా బుట్ట యింకను పచ్చివెదురు వాసన పోలేదు.