పక్షి వయసు చెప్పే గుర్తులు



రోగి గడప దాటి లోపలికి వచ్చి కుర్చీలో కూర్చునేలోగానే వైద్యుడు అతని వయసును మనసులో అంచనా వేసుకుంటాడు. నడక, మెడ మీది ముడతలు, చేతి చర్మం, కంటి నల్లగుడ్డు అంచున ఏర్పడే బూడిదరంగు వలయం, ఇవన్నీ ఆ లెక్కకు తోడ్పడతాయి. (ఆ వలయం 45 ఏళ్ళ లోపు వారిలో కనిపిస్తే కొలెస్టరాల్ పరీక్ష చేయించుకోవడం మంచిది. సందర్భం వచ్చింది గనుక చెప్పాను.) పదవీ విరమణ తరువాత ఉదయపు నడకలో పక్షులను గమనించడం అలవాటైంది. వాటి వయసును కూడా ఇలాగే చెప్పగలమా అన్న కుతూహలం అప్పటినుండి నన్ను వదలలేదు.

వృద్ధాప్యం విషయంలో పక్షి మనకు దాదాపు ఏమీ చెప్పదు. కాలక్రమాన పాత ఈకలు రాల్చి కొత్తవి తొడుక్కునే జీవికి నెరసిన జుట్టు ఎక్కడిది? పసిఫిక్ మహాసముద్రంలోని మిడ్వే దీవులకు వచ్చే ఒక ఆల్బట్రాస్ పక్షిని 'విజ్డమ్' అని పిలుస్తారు. 1956లో చాండ్లర్ రాబిన్స్ అనే శాస్త్రవేత్త దాని కాలికి సంఖ్య గల కడియం తొడిగారు. అప్పటికే అది ఎదిగిన పక్షి. 2002లో అది మళ్ళీ ఆయన చేతికే చిక్కింది. 2024లో, డెబ్బై ఏళ్ళు దాటిన ప్రాయంలో, మరో గుడ్డు పెట్టింది. ఆ కడియమే లేకుంటే, గుంపులో దాని వయసును కేవలం కంటితో చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు.

కనుక మనం చదవగలిగేది ముఖ్యంగా పక్షి బాల్యాన్నే. పిల్లల మణికట్టు ఎక్స్‌రేలో ఎముకల ఎదుగుదల చూసి వయసు అంచనా వేయడం వంటిదే ఇది. ఎదుగుదల పూర్తయ్యాక ఆ ఎక్స్‌రే కూడా మనకు పెద్దగా అక్కరకు రాదు.

తోటల్లో గుంపులుగా గెంతుతూ గోల చేసే జంగిల్ బాబ్లర్లను గమనించండి. పెద్దవాటి కళ్ళు పాలిపోయిన పసుపు తెలుపులో ఉంటాయి, పిల్లల కళ్ళు ముదురు రంగువి. రామచిలుక మెడలోని హారం మగపక్షికి సుమారు మూడో ఏట గాని రాదు. హారం లేనిదల్లా ఆడచిలుక అనుకోరాదు. షిక్రా అనే చిన్న డేగకు పిల్లతనంలో రొమ్ముపై నిలువు చారలుంటాయి, పెద్దయ్యాక అవి పోయి అడ్డచారలు వస్తాయి. ఇక మనం చేతులు జోడించే గరుడ పక్షి! తెల్లని తల, ఇటుకరంగు రెక్కలు గల పెద్దపక్షిని అందరూ గుర్తుపడతారు. దాని పిల్ల మాత్రం నిండా గోధుమరంగులో ఉండి, మామూలు గద్దగా లెక్కలోకి పోతుంది. తోక చూడండి: గద్ద తోక చివర చీలినట్లుంటుంది, గరుడ పక్షిది గుండ్రంగా ఉంటుంది.

ఈకలు కూడా ఒక ఆధారమే. గూటిలో పిల్ల తోక ఈకలన్నీ ఒక్కసారిగా మొలుస్తాయి గనుక అన్నీ ఒకే తీరుగా ఉంటాయి. పెద్దపక్షి ఈకలు వంతులవారీగా మారుతుంటాయి గనుక కొత్తవాటి నడుమ వెలిసినవి కనిపించవచ్చు. తీవ్రమైన జబ్బు తరువాత మనిషి గోళ్ళపై అడ్డుగీత పడినట్లే, గూటిలో ఆకలికి గురైన పిల్ల తోక ఈకలపై ఒకే వరుసలో సన్నని గీత పడవచ్చు. నాకు ఈ పోలిక ఎంతో ఇష్టం.

అయితే వీటన్నిటికన్నా మీకు అక్కరకు వచ్చే గుర్తు ముక్కు మూలల్లో ఉంది. ఎండాకాలంలో, తొలకరిలో గోరింక పిల్లలు గూడు వదులుతాయి. మా వీధిలో పిల్లలు అటువంటివాటిని అట్టపెట్టెలో పెట్టి, "డాక్టర్ గారూ, దీనికి జబ్బు చేసింది, ఎగరలేకపోతోంది" అంటూ నా వద్దకు తెస్తుంటారు. నేను మొదట చూసేది నోటి అంచులనే. అవి ఉబ్బి, లేత పసుపురంగులో మెత్తగా ఉండి, తల నిగనిగలాడే నలుపుకు బదులు గోధుమ వన్నెలో, తోక పొట్టిగా ఉంటే అది రోగి కాదు, ఎగరడం నేర్చుకుంటున్న పసిది. ఒంటినిండా ఈకలుండి, గెంతగలిగి, రెక్క వేలాడక, గాయం లేకుంటే చికిత్స అక్కరలేదు. కొన్ని రోజులు నేలమీద, పొదల్లో గడపడం దాని చదువులో భాగం. తల్లిదండ్రులు దగ్గరలోనే ఉండి మేత అందిస్తుంటాయి. మనం దయతో ఇంటికి తెస్తే దానిని కన్నవారినుండి వేరుచేసినట్లే.

దాని నోట్లో నీళ్ళు, పాలు పోయకండి. శ్వాసనాళపు ద్వారం నాలుక మొదట్లోనే తెరుచుకుని ఉంటుంది. పోసిన నీరు నేరుగా ఊపిరితిత్తుల్లోకి దిగవచ్చు. పాలు దానికి జీర్ణం కావు. కుక్కలు, పిల్లులు, వాహనాలు తిరిగే చోట దొరికితే దగ్గరలోని పొద మీదికో, తక్కువ ఎత్తు కొమ్మ మీదికో చేర్చండి. మనిషి తాకితే తల్లి వదిలేస్తుందన్న మాట నిజం కాదు. ఇంకా ఈకలు రాని పిల్ల పడిపోతే, గూడు అందితే అందులోనే పెట్టండి. పిల్లి నోట పడినదైతే పైకి గాయం కనిపించకపోయినా పశువైద్యుని వద్దకు తీసుకుపోవాలి.

ఆ తరువాత చేతులు సబ్బుతో కడుక్కుని, దూరంగా జరిగి కిటికీలోనుండి చూడండి. చుట్టూ మనుషులు మూగి ఉన్నంతసేపు తల్లిపక్షి కిందికి దిగదు.