ఆ కథ చివర ఏమైందో!

ఇరవై యేళ్ళ క్రిందటి మాట. మా మద్రసాలో పదేళ్ళ విద్యార్థి ఒకడు ఖాయిదా క్రింద తెలుగు కథల పుస్తకం దాచుకొని చదువుతూ నాకు పట్టుబడ్డాడు. పాఠం వేళ అది తప్పే. పుస్తకం లాక్కొని బీరువాలో పెట్టి తాళం వేశాను. తిరిగి ఇవ్వాలన్న ఆలోచన నాకు రాలేదు. అడిగే ధైర్యం అతనికి లేకపోయింది.

ఇటీవల ఒక నికాహ్ నిమిత్తం నరసన్నపేట వెళ్ళినప్పుడు అతడే ఎదురువచ్చి సలాము చేశాడు. ఇప్పుడు ఆటో నడుపుతున్నాడు. శ్రీముఖలింగం శాసనాలు చూడాలన్న నా చిరకాల కోరిక విని, తన ఎనిమిదేళ్ళ కుమార్తెతో సహా నన్ను అక్కడికి తీసుకువెళ్ళాడు.

వంశధార ఒడ్డున ఉన్న ఈ గ్రామమే ఒకనాటి కళింగనగరమనీ, తూర్పు గంగరాజుల రాజధాని అనీ చరిత్రకారులు చెబుతారు. ఆ కాలపు శాసనాలు ఇక్కడి రాళ్ళపై నేటికీ ఉన్నాయి. పాప ఒక అక్షరాన్ని చూపి, "అబ్బా, ఇక్కడేం రాశారు?" అని అడిగింది. తండ్రి నావైపు చూశాడు. అరబీ, ఉర్దూ, తెలుగు చదవగల నేను ఆ పాత లిపి ముందు నిరక్షరాస్యుడనే!

ఆ రాతలను చదివిన ఒక ఉపాధ్యాయుని గురించి మాత్రం ఆమెకు చెప్పగలిగాను. గిడుగు వేంకట రామమూర్తి గారు 1863 ఆగస్టు 29న ఈ ఊరి సమీపంలోని పర్వతాలపేటలో జన్మించారు. బాల్యంలోనే తండ్రిని కోల్పోయారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ, ఎవరూ ఆజ్ఞాపించకుండానే, స్వయంకృషితో ఈ శాసనాల లిపిని నేర్చుకున్నారు. సవరల పిల్లలకు వారి మాటలోనే చదువు చెప్పాలని సవర భాష అభ్యసించి, అందులో పుస్తకాలు వ్రాసి, సొంత ఖర్చుతో బడులు నడిపారు. ఆయన జన్మదినమే నేటి తెలుగు భాషా దినోత్సవం.

తిరుగు ప్రయాణంలో నా పూర్వ విద్యార్థి అన్నాడు: "హజ్రత్, ఆ పుస్తకంలో తప్పిపోయిన పిల్లోడు ఇల్లు చేరాడో లేదో నాకింకా తెలీదండీ. ఆ తర్వాత మళ్ళీ పుస్తకం పట్టుకోబుద్ధి కాలేదు." నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం నోట మాట రాలేదు.

ఇంటికి రాగానే పాత బీరువా అంతా వెదికాను. పుస్తకం దొరకలేదు. దాని పేరు అతనికీ గుర్తులేదు.

హిరా గుహలో దైవప్రవక్త ముహమ్మద్ (స)పై అవతరించిన తొలి పదం 'ఇఖ్రా' అని, అంటే 'చదువు' అని ఏళ్ళ తరబడి బోధించినవాణ్ణి నేను. బద్ర్ యుద్ధ ఖైదీలలో చదువు వచ్చినవారిని, మదీనా పిల్లలకు చదవడం, వ్రాయడం నేర్పితే విడుదల చేశారని కూడా ఎన్నోసార్లు చెప్పాను. అయినా, ఇష్టంగా చదువుతున్న ఒక పసివాని చేతిలోంచి పుస్తకం లాక్కున్నాను. ఖాయిదాకు కథల పుస్తకం శత్రువు అనుకున్నాను. దివ్య ఖుర్‌ఆన్‌ను మొట్టమొదట తెలుగులోకి అనువదించిన చిలుకూరి నారాయణరావు గారు ఈ శ్రీకాకుళం సీమవారే. ఆయన ముస్లిం కారు. తన మతానికి చెందని గ్రంథాన్ని కూడా శ్రద్ధగా చదివినందువల్లనే ఆ మహత్కార్యం ఆయనకు సాధ్యమైంది.

ఇప్పుడు మా మద్రసాలో అస్ర్ నమాజు తర్వాత పావుగంట ఎవరికి నచ్చిన పుస్తకం వారు చదువుకుంటారు. ప్రశ్నలుండవు, అప్పజెప్పడాలుండవు. నేనూ వారి మధ్య కూర్చొని చదువుతాను. మొదటి వారం పిల్లలు పుస్తకాలకంటే నన్నే ఎక్కువగా చూశారు. పాఠం కోసం కాక, ఇష్టంతో చదివే ఉస్తాద్‌ను వారు అంతవరకు చూసి ఉండరు!

తల్లిదండ్రులారా! "చదువు, చదువు" అని మనం ఫోను చూస్తూ చెబితే పిల్లలు మన మాట వినరు, మన చేతిని చూస్తారు. రాత్రి భోజనాల తర్వాత ఒక కథ చదివి వినిపించండి. వారి పుస్తకం వారినే ఎన్నుకోనివ్వండి. పాఠం వేళ పుస్తకం తీసుకోవలసివస్తే, పాఠం ముగియగానే తప్పక తిరిగి ఇవ్వండి.

ఆ పాపకు రెండు కథల పుస్తకాలు పంపాను. తండ్రికి చదివి వినిపించమని కబురు చేశాను.