ఛార్జి నెవరు త్రావుచున్నారు?

సెల్‌ఫోను నేడు కొందఱికి వేడుక, కొందఱికి వ్యాపారము. మన్యపు పల్లెలో నొంటరిగా నుండు ముసలివారికి అది ప్రాణాధారము. మా అమ్మమ్మ పాడేరు కొండలలో నివసించుచున్నది. రాత్రివేళ ఆమెకు ఉబ్బసము హెచ్చినచో 108కు కబురు చేయుటకు వేఱు సాధనము లేదు. అట్టి ఫోను కొన్ని నెలలుగా ప్రొద్దు గ్రుంకకమునుపే ఆఱిపోవుచుండెను. బ్యాటరీ చెడినది, మార్పింపుడని దుకాణదారుడు చెప్పెను. వేసవి సెలవులకు పోయిన మేము మువ్వురు తోబుట్టువులము రూకలు వెచ్చించుటకు ముందు లెక్క చూడ నిశ్చయించితిమి.

ఆండ్రాయిడ్ ఫోనులో సెట్టింగ్స్ తెఱచి బ్యాటరీ యను చోట నొక్కినచో, ఏ యాప్ ఎంత వాడినదో తెలుపు పట్టిక కానవచ్చును. దానిని చదువుటలో నొక మెలకువ గలదు. మా అమ్మమ్మ ఫోనులో నొక యాప్ కెదురుగా 30 శాతమని యుండెను. అది నిండు బ్యాటరీలో 30 పాళ్లు కాదు, అంతవఱకు వ్యయమైన దానిలో 30 పాళ్లు. వ్యయమైనది 20 పాళ్లే యైనచో, ఆ యాప్ త్రావినది 6 పాళ్లు మాత్రమే గదా!

పట్టికలో మొదట నిలిచినది పాటల వీడియోల యాప్. దానిని తీసివేయుదమని తమ్ముడు తొందరపడెను. కాని అమ్మమ్మ దినమునకు రెండు గంటలు దానిని చూచుచున్నది. తెర వెలిగియున్నంతసేపు ఖర్చు కాక తప్పదు. వృద్ధురాలి వినోదమును కోసి పొదుపు చేయుట మాకు న్యాయముగా దోపలేదు. తెర వెలుగును మాత్రము తగ్గించితిమి. అసలు దొంగ క్రింది వరుసలో నుండెను. ఒక వాతావరణపు యాప్ తెరమీద నుండినది నాలుగు నిమిషములు, తెర వెనుక పనిచేసినది అయిదు గంటలు! అది యామె యెచటనున్నదో యెల్లవేళల తెలిసికొను అనుమతి పొంది యుండెను. ఇల్లు కదలని మనిషి జాడ దాని కేల? ఆ యనుమతిని వాడునపుడు మాత్రమే యని మార్చి, తెర వెనుక పనిని నిలిపితిమి.

పొరుగింటి యువకుడు గంటకొకసారి యాప్‌లనన్నిటిని వ్రేలితో త్రోసివేయుమని సలహా యిచ్చెను. పలువురు చేయుపనియే యిది. కాని మూసినదానిని మరల మొదటినుండి తెఱచుటకే తఱచుగా నెక్కువ ఖర్చగును. 2015లో వచ్చిన ఆరవ ఆండ్రాయిడ్ మొదలుకొని, కదలక పడియున్న ఫోనులో యాప్‌లను నిద్రపుచ్చు ఏర్పాటు దానియందే కలదు.

ఇంత చేసినను ఫోను రాత్రి ఎనిమిది దాటలేదు. పట్టికలో మొబైల్ నెట్‌వర్క్ అను పేర మిగుల హెచ్చు వ్యయము కనబడుచుండెను. అది యే యాప్ నేరమును గాదు. కొండ యడ్డమై సిగ్నలు సన్నగిలినచో, దూరపు టవరునకు వినబడునట్లు ఫోను తన ప్రసారబలమును పెంచుకొనును. సిగ్నలు తెగినచో మాటిమాటికి వెదకును. ఫోనుండు చోటు లోపలి గదిలో బియ్యపు డబ్బామీద. వీథివైపు గూటిలో నుంచగా రెండు గీతలు హెచ్చినవి. మఱునాటి రాత్రి తొమ్మిది గంటలకు 40 పాళ్లు మిగిలెను.

దుకాణదారుని మాట పూర్తిగా కల్ల యనజాలము. లిథియం అయాన్ బ్యాటరీ యేండ్లు గడచినకొలది బలము తగ్గును. అయినను ఈ యేటికి దానితో గడుపవచ్చునని తోచినది. వానకాలమున కరెంటు పోయినప్పుడు పనికివచ్చునని బ్యాటరీ సేవర్ నొక్కుటయు నేర్పితిమి. అమ్మమ్మ దానికి “ఉపవాసపు మీట” యని పేరు పెట్టినది.