ఉద్దానంలో వంటపాఠం

ఇటలీ వెళ్లిన పర్యాటకులు బొలోన్యా నగరంలో ఎవరింటికో వెళ్లి, వాళ్ల వంటింట్లో నిలబడి పాస్తా పిండి కలపడం నేర్చుకుంటారట. డబ్బులిచ్చి మరీ! చదివినప్పుడు నవ్వొచ్చింది కానీ, మొన్న మాఘమాసంలో మేమూ అలాంటి పనే చేశాం. కాకపోతే మేం వెళ్లింది శ్రీకాకుళం జిల్లా ఉద్దానానికి. నేర్చుకున్నది పనసపొట్టు కూర.

పలాసలో రైలు దిగి, ఆటోలో వజ్రపుకొత్తూరు వైపు బయల్దేరాం. దారికి అటూ ఇటూ కొబ్బరి, జీడి తోటలే. అక్కడో పల్లె మావారి స్నేహితుడిది. వాళ్లమ్మగారిని 'కూర నేర్పుతారా అత్తయ్యగారూ' అని అడిగితే, 'ఏటమ్మా, ఇదీ ఓ సదువేనా' అని నవ్వి, కత్తి తీసుకుని పెరట్లోకి నడిచారు. పాఠం చెట్టు దగ్గరే మొదలైంది!

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస చెట్లు లెక్కలేనన్ని నేలకూలాయి. ఈ పెరట్లోని పాత పనస కూడా అప్పుడు పడిపోయిందే. ఆ తర్వాత నాటిన మొక్కకి ఇదే తొలికాపు. అందుకే కోయొద్దన్నాం. ఆవిడ వినలేదు. 'ఒక్కచోటే రెండు పిందెలున్నాయి. ఒకటి తీస్తే రెండోది బాగా ఊరతాది' అన్నారు.

చేతులకీ కత్తికీ నూనె రాసుకోకపోతే పనస జిగురు ఓ పట్టాన వదలదు. చెక్కు తీసి, కత్తితో సన్నగా కొట్టాలి. ఆవిడ కొడితే పొట్టయింది, నేను కొడితే ముక్కలయ్యాయి! పొట్టులో ఉప్పు, పసుపు, కాస్త చింతపండు రసం వేసి ఉడికించి, నీళ్లు పిండేయాలి. శనగపప్పు, మినప్పప్పు, ఎండుమిర్చి, అల్లం, కరివేపాకు, జీడిపప్పులతో పోపు పెట్టి అందులో మగ్గనివ్వాలి. ఆవాలూ ఎండుమిర్చీ కలిపి నూరిన ముద్దని మాత్రం కూర దించి, వేడి తగ్గాకే కలపాలి. పొయ్యిమీదుండగా వేస్తే చేదెక్కుతుంది.

'ఉప్పెంత?' అని రాసుకోబోతే, 'సేతికి తెలుస్తాదమ్మా' అన్నారు. నా చేతికి తెలియడానికి ఇంటికొచ్చాక మూడుసార్లు వండాల్సి వచ్చింది.

బయల్దేరుతుంటే వీధి గుమ్మం దాకా వచ్చి 'ఎండాకాలంలో రండి, రెండోది పండుతాది' అని పిలిచారు. వెళ్లకుండా ఉంటామా!

ఎలా వెళ్లాలంటే: హౌరా-చెన్నై రైలు మార్గంలో పలాస స్టేషనుంది. రోడ్డు మీదయితే 16వ నంబరు జాతీయ రహదారి కాశీబుగ్గ మీదుగానే వెళ్తుంది. లేత పనసకాయ కావాలంటే ఎండలు ముదరకముందే వెళ్లాలి.