అంకెయే పేరైన ఊరు

మన ఊళ్ళకు పేర్లుంటాయి. ఆ పేరు వెనుక ఒక దేవుని కథో, ఒక రాజు కథో ఉంటుంది. ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి ఉక్కునగరంలో నేను చూడబోయిన ఊరికి మాత్రం పేరు లేదు, అంకె ఉన్నది. దానిని సెక్టర్ 2 అంటారు. అందులోని వీధులకూ అంకెలే, అవెన్యూలకు ఇంగ్లీషు అక్షరాలు. తెల్లవారుజామున పవర్‌హౌస్ స్టేషనులో దిగి, మా పినతండ్రిగారి ఇంటి నంబరు, వీధి నంబరు చెప్పగానే ఆటో నడిపే కుర్రవాడు మరో మాట అడగకుండా బయలుదేరాడు. కొలబద్ద పెట్టి గీసిన ఊరిలో దారి తప్పడం కష్టం.

ఈ గీతలు గీయక ముందు ఇక్కడ వరి పొలాలు, చెరువులు, మట్టి గోడల పల్లెలు ఉండేవి. భిలాయి అన్నది హౌరా–బొంబాయి రైలు మార్గం పక్కనున్న ఒక చిన్న గ్రామం పేరు. 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో ఉక్కు కర్మాగారం నిమిత్తం ఒప్పందం కుదిరింది. పల్లెలు భూములను వదులుకున్నాయి. నాలుగేళ్ళు తిరగగానే, 1959 ఫిబ్రవరి 4న, రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. ఏడాదికి పది లక్షల టన్నుల ఉక్కుతో మొదలైన కర్మాగారం 1988 నాటికి నలభై లక్షల టన్నుల సామర్థ్యానికి ఎదిగింది. మనం ఏ రైలెక్కినా, దాని చక్రాల కింద భిలాయిలో తయారైన పట్టా ఎక్కడో ఒకచోట తగలక మానదు.

కర్మాగారానికి మనుషులు కావాలి, మనుషులకు ఇళ్ళు కావాలి. అలా పుట్టినవే ఈ సెక్టర్లు. మనవాళ్ళు ఇక్కడికి రావడానికి 1931లో పూర్తయిన విజయనగరం–రాయపూర్ రైలు మార్గం ఎంతో తోడ్పడింది. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుండి పెట్టె, పరుపుచుట్టతో బండెక్కిన యువకులలో మా పినతండ్రిగారు ఒకరు. ఆయన వచ్చినది 1966లో.

సెక్టర్ 2లో నడుస్తూ ఉంటే దేశమంతా నడిచినట్లే ఉంటుంది. ఒకచోట కేరళీయులు నిలుపుకున్న అయ్యప్ప కోవెల, మరొకచోట తరాల పిల్లలకు చదువు చెప్పిన భిలాయి విద్యాలయం, ఇంకొకచోట చెరువు. కార్తికంలో ఛట్ పండుగనాడు బీహారు స్త్రీలు నడుములోతు నీళ్ళలో నిలిచి, ఆ చెరువులోనే సూర్యునికి అర్ఘ్యమిస్తారు. మనవారి బాలాజీ గుడి సెక్టర్ 5లో ఉన్నది. దాని వెనుక ఆంధ్ర సాహిత్య సమితి కృషి ఉన్నది. మసీదు, గురుద్వారా సెక్టర్ 6లో ఉన్నాయి. ప్రతివారూ వెంట తెచ్చుకున్న దేవుణ్ణి ఇరుగుపొరుగున కూర్చోబెట్టారు.

ఇళ్ళు మాత్రం అందరివీ ఒకే తీరు. ఇటుక గోడలు, చిన్న గదులు, ముందర కాస్త పెరటి జాగా. అరవై ఏళ్ళ వానలకు కొన్నింటి పెచ్చులూడాయి. ఒకనాటితో పోలిస్తే కర్మాగారంలో ఉద్యోగుల సంఖ్య బాగా తగ్గింది. తాళాలు వేలాడుతున్న వాకిళ్ళు అక్కడక్కడ కనిపిస్తాయి. మా వాళ్ళ ఇంటి ముందు మాత్రం ఒక మామిడిచెట్టు నిండుగా పూసి ఉన్నది.

"ఇల్లు కంపెనీది నాయనా," అన్నారు బాబాయి. "చెట్టు మాత్రం మీ పిన్ని నాటింది."

ఆ మాటలోనే ఈ ఊరి కథంతా ఉన్నది. ఉద్యోగం ఉన్నంతవరకే ఇల్లు. 2000 తరువాతి సంవత్సరాలలో సంస్థ కొన్ని క్వార్టర్లను దీర్ఘకాలపు లీజుకు ఇచ్చింది గాని, ఈ ఇల్లు వాటిలో లేదు. బాబాయి విరమించాక అది కొడుకు పేర మారింది. ఆయన కొడుకుకు మరో రెండేళ్ళే సర్వీసు ఉన్నది. ఆ తరువాత తాళంచెవి అప్పగించవలసిందే.

మరునాడు బాబాయి నన్ను రాయపూర్ వైపు ఉన్న దేవబలోదాకు తీసుకుపోయారు. కలచురి రాజుల కాలంలో, 13వ శతాబ్ది ప్రాంతంలో కట్టినదని చెప్పే శివాలయం అది. గోడల నిండా శిల్పాలు, పక్కనే రాతిమెట్ల కోనేరు. శిఖరం మాత్రం అసంపూర్తి. ఆరు మాసాల పొడవైన ఒకే రాత్రిలో ఒక శిల్పి దిగంబరుడై ఈ గుడి చెక్కాడట. రోజూ భార్య అన్నం తెచ్చేది. ఒకనాడు ఆమెకు బదులు సోదరి రాగా, సిగ్గుతో కోనేటిలో దూకాడట. స్థానికులు ఈ కథను నిన్న జరిగినట్లు చెబుతారు. ఏటా శివరాత్రికి ఇక్కడ జాతర సాగుతుంది.

పూర్తికాని గుడికి ఊరంతా సొంతదారులే. పూర్తయిన ఇంటికి, అందులో యాభై ఏళ్ళకు పైగా కాపురమున్నవారు సొంతదారులు కారు. కోనేటి మెట్టు మీద కూర్చుని ఈ మాటే అన్నాను. బాబాయి నవ్వి ఊరుకున్నారు.

ఆ సాయంత్రం ఆయన మనుమరాలు బడి దరఖాస్తు ఒకటి పూర్తి చేస్తూ ఉన్నది. 'స్వస్థలం' అన్నచోట కలం ఆగింది. "పార్వతీపురం అని రాయమ్మా," అన్నారు తాతగారు. ఆ పిల్ల పార్వతీపురాన్ని రెండు పెళ్ళిళ్ళలో మాత్రమే చూసింది. కాసేపు ఆలోచించి, గుండ్రని అక్షరాలతో 'సెక్టర్ 2, భిలాయి' అని రాసింది. బాబాయి కళ్ళజోడు సర్దుకుని ఆ కాగితాన్ని రెండుసార్లు చదివారు. దిద్దమని అనలేదు.