నొప్పి పోయింది, చీము పోలేదు

ఈ వారం నా తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకోవాలి.

పోయిన వేసవిలో నా కింది దవడ పన్ను పుచ్చింది. చల్లనీళ్లు తగిలితే జివ్వుమనేది. కొన్నాళ్లకు వేడి టీ తాగినా నొప్పే. రాత్రి పడుకుంటే పన్ను లోపల ఎవరో సుత్తితో కొడుతున్నట్టుండేది. లవంగం నూనెలో దూది ముంచి పెట్టుకున్నాను, నొప్పి బిళ్ళలు మింగాను. "ఏమండీ, టౌనుకెళ్లి చూపించుకోండి" అని మా ఇంటావిడ రోజూ పోరేది. కూటాలున్నాయని వాయిదా వేశాను. ఒక రాత్రి మోకాళ్లూని కన్నీళ్లతో ప్రార్థించాను. తెల్లారేసరికి నొప్పి లేదు!

ఆ ఆదివారం సంఘంలో సాక్ష్యం చెప్పాను. డాక్టరు దగ్గరకు పోకుండానే ప్రభువు నా పన్ను బాగుచేశాడన్నాను. అందరూ స్తోత్రం అన్నారు.

రెండు వారాలకు చిగురు మీద చిన్న పొక్కు లేచింది. నోట్లో ఉప్పగా, కంపుగా ఏదో ఊరేది. తర్వాత చెంప బూరెలా పొంగింది. అప్పుడు వెళ్లాను పళ్ల డాక్టరు దగ్గరకు. ఆయన ఎక్స్‌రే చూపించి, "పాస్టరు గారూ, నొప్పి పోయింది పన్ను బాగై కాదండీ, లోపల నరం చచ్చిపోయి" అన్నారు.

ఆయన చెప్పింది నా మాటల్లో చెబుతాను. పన్ను పైన గట్టి ఎనామిల్ ఉంటుంది, దాని కింద డెంటిన్, మధ్యలో నరాలూ రక్తనాళాలూ ఉన్న మెత్తని గుజ్జు. మనం తీపి తిన్నప్పుడల్లా నోట్లోని క్రిములు దాన్ని ఆమ్లంగా మారుస్తాయి. ఆ ఆమ్లం ఎనామిల్‌ను కరిగిస్తుంది. రంధ్రం గుజ్జుదాకా చేరితే గుజ్జు వాస్తుంది. చుట్టూ గట్టి గోడ, వాపుకు చోటుండదు, అందుకే అంత పోటు. చివరికి గుజ్జు చచ్చిపోతుంది. చచ్చిన నరానికి నొప్పి తెలియదు. క్రిములు మాత్రం వేరు కొసన దిగి, ఎముకలో చీము పట్టిస్తాయి.

"మందులు రాసివ్వండి, చాలు" అన్నాను. ఆయన నవ్వారు. మందు రక్తంతోపాటు పోవాలి, చచ్చిన గుజ్జులోకి రక్తమే పోదు. చీముకు దారి చేయాలి, తర్వాత రూట్ కెనాల్ చేసి లోపలంతా శుభ్రం చేసి మూసేయాలి, లేదా పన్ను తీసేయాలి. యాంటీబయాటిక్ వాపు పాకుతున్నప్పుడు, జ్వరం వచ్చినప్పుడు తోడు మాత్రమే. గోరువెచ్చని ఉప్పునీళ్లు పుక్కిలిస్తే కాస్త హాయి, అంతే. సూదితో పొడుచుకోకూడదు. ఆస్పిరిన్ బిళ్ళ చిగురుకు అదిమిపెడితే చిగురు కాలుతుంది.

నేను ఇంటికొచ్చిన సాయంత్రమే మన సంఘంలోని ఒక మామ్మ కొడుకు పరిగెత్తుకొచ్చాడు. "అయ్యగారూ, అమ్మకు గదవ కింద వాచిపోయింది, మింగలేకపోతోంది." ఆమెకు షుగరుంది. పిప్పి పన్ను చూపించడానికి కొడుకు ఆటో మాట్లాడితే, "అయ్యగారికి ప్రార్థనతోనే తగ్గిందిగా, నాకూ తగ్గుద్ది" అని వద్దందట.

నా కాళ్లలో వణుకు పుట్టింది. దవడ కింద వాపు, నోరు తెరవలేకపోవడం, మింగలేకపోవడం, ఊపిరి కష్టమవడం, కన్ను మూసుకుపోయేలా వాపు: వీటిలో ఏ ఒక్కటి ఉన్నా తెల్లారేదాకా ఆగొద్దని డాక్టరు ఆ పూటే చెప్పారు. చీము నాలుక కిందకు పాకితే ఊపిరి దారి మూసుకుపోతుంది. ఆ రాత్రే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. కోసి చీము తీశారు, పన్ను తీశారు, నరానికి మందులెక్కించారు. దేవుని కృపవల్ల ఆమె బతికింది. నన్ను ఒక్క మాట అనలేదు. అదే నన్ను ఎక్కువ గుచ్చింది.

తర్వాతి ఆదివారం నా సాక్ష్యం వెనక్కి తీసుకున్నాను.

ప్రార్థన మానమని నేననడం లేదు. హిజ్కియా రాజు కన్నీళ్లతో ప్రార్థించాడు, దేవుడు విన్నాడు. అయినా యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి ఆయన పుండు మీద వేయించాడు. ప్రార్థనకు వచ్చిన జవాబు చేతిలో మందుతో కూడా వస్తుంది. నొప్పి తగ్గగానే బాగైందనుకున్నది నా తొందర. నొప్పి దేవుడు పెట్టిన కావలివాడు. వాడు మాట్లాడటం మానేస్తే, వెళ్లిపోయాడో చచ్చిపోయాడో చూడాలి కదా!

అసలు అంతదాకా రానివ్వకండి. ఫ్లోరైడ్ ఉన్న పేస్టుతో రోజుకు రెండుసార్లు తోముకోండి, రాత్రి పడుకోబోయే ముందు తప్పకుండా. పిల్లలకు చాక్లెట్లు, తీపి టీలు మాటిమాటికీ ఇవ్వకండి. పన్ను మీద నల్లమచ్చో గుంటో కనబడితే నొప్పి లేకున్నా చూపించి పూడ్పించుకోండి. షుగరున్నవాళ్లు చిగుళ్లు వాచినా, రక్తం కారినా అశ్రద్ధ చేయొద్దు.

ఇప్పుడు పంటినొప్పని ఎవరొచ్చినా తలమీద చెయ్యుంచి ప్రార్థిస్తాను. ఆమెన్ అన్నాక టౌనుకు బస్సు ఎన్నింటికో కూడా చెబుతాను.