అయిదు నిమిషాల పోరు... అందరూ ఉంటేనే జోరు!

సముద్రాన్ని పొంగించే కయోగర్‌ని ఓడించాలంటే చేతిలో ఫోను ఒక్కటే చాలదు. పక్కన మనుషులుండాలి. ఊరు ఊరంతా ఒక్కచోట చేరే కోనసీమ సంక్రాంతి కన్నా దానికి మంచి ముహూర్తం ఇంకేముంటుంది!

జొన్నాడ దగ్గర గౌతమి వంతెన దాటి రావులపాలెంలో అడుగుపెట్టగానే గాలి చల్లబడుతుంది. ఓ పక్క అరటి గెలల లారీలు. కొత్తపేట వైపు తిరిగితే కొబ్బరి తోటలు, వాటి నీడలో కాలువలు, గట్ల మీద పెంకుటిళ్లు... కారు అద్దం దించి పెద్దవాళ్లు కళ్లనిండా చూసుకుంటుంటారు. వెనక సీట్లో కుర్రాడు మాత్రం ఫోన్లోంచి తలెత్తడు.

'ఏంట్రా అంత దీక్షగా చూస్తున్నావ్?'

'రెయిడ్ నాన్నా... కయోగర్!'

పండక్కి ఊరెళ్లే చాలా కార్లలో వినిపించే మాటలే ఇవి. 'ఎప్పుడూ ఆ ఫోనేనా' అని విసుక్కునే ముందు కుర్రాడు చెప్పేది కాస్త వినండి. ఎందుకంటే ఈ ఆటలో వాడికి కావాల్సింది కొత్త ఫోను కాదు, మీరే!

నడిస్తేనే ఆట

పోకెమాన్ గో కుర్చీలో కూర్చుని ఆడేది కాదు. ఫోన్లో కనిపించే పటం మనమున్న ఊరి పటమే. మనం నడిస్తేనే అందులోని బొమ్మ నడుస్తుంది. దారిలో పోకెమాన్లు ఎదురైతే బంతి విసిరి పట్టుకోవాలి. గుళ్లు, విగ్రహాలు, పార్కుల్లాంటి నిజమైన చోట్లే ఆటలో 'పోకీస్టాప్'లు, 'జిమ్'లు అవుతాయి. మొదటిచోట బంతులూ మందులూ దొరుకుతాయి. రెండోది కుస్తీ గోదా లాంటిది.

2016 జులైలో అమెరికా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో మొదలైన ఈ ఆట అదే ఏడాది డిసెంబరులో రిలయన్స్ జియోతో కలిసి మన దేశానికి వచ్చింది. అప్పట్లో ఎవరి వేట వారిదే. మరుసటేడు జూన్‌లో రెయిడ్‌లు రావడంతో కథ మారింది. జిమ్ మీద ఓ పెద్ద గుడ్డు కనిపిస్తుంది, పక్కనే గడియారం తిరుగుతుంటుంది. సమయం కాగానే గుడ్డు పగిలి ఓ 'బాస్' బయటికొస్తుంది. అది అక్కడ ఉండేది ముప్పావుగంటే. ఆలోగా అందరూ కలిసి దాన్ని ఓడించాలి. కయోగర్ తొలిసారి ఇలా వచ్చింది 2018 జనవరి 12న. అంటే సరిగ్గా సంక్రాంతి ముంగిట్లో! ఆ తర్వాతా అప్పుడప్పుడూ వచ్చిపోతూనే ఉంది.

సముద్రం దానిది... నేల దీనిది

కయోగర్ చూడ్డానికి నీలిరంగు తిమింగలంలా ఉంటుంది. వానలు కురిపించి సముద్రాన్ని పెంచడం దాని పని. దాని ఆగర్భశత్రువు గ్రౌడన్. అది నేలను పెంచుతుంది. రెండూ తలపడితే లోకం అల్లకల్లోలం. అప్పుడు ఆకాశంలోంచి రేక్వాజా అనే డ్రాగన్ దిగొచ్చి ఇద్దరినీ శాంతింపజేస్తుంది. ఇదీ జపాన్ వాళ్లు అల్లిన కథ.

కోనసీమ వాళ్లకు ఇదేమంత వింతగా అనిపించకపోవచ్చు. ఇక్కడి నేలే గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు. గౌతమి, వసిష్ఠల మధ్య, నడుమ వైనతేయ పాయ పారుతుండగా ఏళ్ల తరబడి పేరుకున్న మట్టి. ఓవైపు నది లంకల్ని మేటవేస్తుంటే, మరోవైపు అంతర్వేదిలో సముద్రం తీరాన్ని కోసుకుపోతుంటుంది. ఇక 1996 నవంబరు 6 రాత్రి గురించి ఏ ఇంట్లో అడిగినా చెబుతారు. ఆనాటి తుపాను వందల ప్రాణాల్ని బలితీసుకుంది. కొబ్బరి చెట్లను వేళ్లతో సహా పెకలించి పడేసింది. సముద్రానికి కోపమొస్తే ఎలా ఉంటుందో ఆ ఊళ్లకు ఏ ఆటా నేర్పక్కర్లేదు.

లెక్క కుదరాలి

కయోగర్ లాంటి అయిదు నక్షత్రాల బాస్‌కి ఉండే ప్రాణశక్తి 15,000. దాన్ని ఓడించడానికి ఇచ్చే సమయం 300 సెకన్లు. భాగించి చూడండి... సెకనుకు 50 చొప్పున తగ్గించాలి. ఒక్కొక్కరు ఆరు పోకెమాన్లను బరిలోకి దింపొచ్చు. ఎంత గొప్ప ఆటగాడికైనా ఒక్కడికే అది దాదాపు అసాధ్యం. బాగా ఆరితేరినవాళ్లయితే ముగ్గురు నలుగురితో గట్టెక్కుతారు. కొత్తవాళ్లయితే ఏడెనిమిది మంది ఉంటేనే భరోసా. గరిష్ఠంగా ఇరవై మంది చేరొచ్చు.

బలం ఒక్కటే ఉంటే సరిపోదు, ఎవరిని దింపాలో తెలియాలి. కయోగర్ది నీటి జాతి. నీటికి విరుగుళ్లు రెండు... కరెంటు, పచ్చదనం. మొక్కల జాతి వాటిని దింపితే దెబ్బ గట్టిగానే తగులుతుంది. అయితే కయోగర్ దగ్గర 'బ్లిజార్డ్' అనే మంచు దాడి ఉంటే అవి నిలవలేవు. అందుకే అనుభవజ్ఞులు రైకూ, మాగ్నెజోన్, జెక్రోమ్ లాంటి కరెంటు జాతి వాటిని ముందు పెడతారు. పికాచూదీ ఆ జాతే కదా అంటారా! ముద్దుగా ఉంటుంది కానీ ఇంత పెద్ద పోరులో ఎక్కువసేపు నిలబడలేదు.

ఇక్కడో తమాషా ఉంది. బయటి వాతావరణమే ఆటలోకీ వస్తుంది. వాన పడుతుంటే నీటి దాడులకు బలం పెరుగుతుంది. అంటే కయోగర్ మరింత రెచ్చిపోతుంది. కానీ అదే వానలో కరెంటు దాడులకూ బలం పెరుగుతుంది. పైగా వానలో గెలిస్తే 20వ స్థాయికి బదులు 25వ స్థాయి కయోగర్ దొరుకుతుంది. ఎండ కాస్తే మొక్కల జాతికి ఊపు. కాబట్టి శ్రావణంలో ఒక వ్యూహం, సంక్రాంతి ఎండలో మరో వ్యూహం. ఏ కారులో ఏ పైరు వేయాలో రైతుకు తెలిసినట్టే ఇదీనూ.

గుడ్డు పగిలింది... తోడేదీ?

ఇంత తెలిసినా ఊళ్లో ఉండే కుర్రాడికి ఓ చిక్కుంది. నగరంలో అయితే పార్కు దగ్గర గుడ్డు కనిపించగానే నలుగురు పోగవుతారు. పల్లెలో అసలు జిమ్‌లే తక్కువ. ఉన్నచోట బాస్ వచ్చినా, ముప్పావుగంట నిలబడి వెళ్లిపోతుంది. ఆడేవాడు తను ఒక్కడే. చదువులకని కొందరు హైదరాబాద్, బెంగళూరు వెళ్లారు. బతుకుతెరువుకని రాజోలు చుట్టుపక్కల నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్లినవాళ్లు ఎందరో. అరుగులు అలాగే ఉన్నాయి, కూర్చునేవాళ్లే లేరు. ఆ ఖాళీ పెద్దవాళ్లకు సాయంత్రం కబుర్ల వేళ తెలుస్తుంది. పిల్లాడికి ఇలా తెలుస్తుంది.

కరోనా రోజుల్లో, 2020 ఏప్రిల్‌లో, దూరం నుంచే రెయిడ్‌లో చేరే పాసులు తెచ్చారు. అమలాపురంలో ఉన్నవాడు అట్లాంటాలోని అన్నయ్యను పిలవొచ్చు. బాగానే ఉంది కానీ దానికి ఆటలోని నాణేలు ఖర్చవుతాయి. 2023 ఏప్రిల్‌లో ధర పెంచి, రోజుకు ఇన్నే అని పరిమితీ పెట్టారు. జిమ్ దాకా నడిచి వెళ్లేవారికి మాత్రం రోజుకో పాసు ఉచితం. దగ్గరికొచ్చినవారికే మర్యాద ఎక్కువన్నమాట!

భోగికి ఇల్లు నిండుతుంది. పిన్ని పిల్లలు, మేనత్త పిల్లలు, పక్కింటి మావయ్య పిల్లలు... ఏడాదంతా దొరకని ఎనిమిది మంది ఆ మూడు రోజులూ ఒకే అరుగు మీదుంటారు. లెక్క కుదిరినట్టే!

పదకొండు ప్రభలు

పెద్ద పనికి అందరూ కావాలన్నది కోనసీమకు కొత్త సంగతేం కాదు. కనుమ రోజున అంబాజీపేట దగ్గర మొసలపల్లి వెళితే అది కళ్లారా చూడొచ్చు. అక్కడి జగ్గన్నతోటలో గుడి లేదు, గోపురం లేదు. ఉన్నదల్లా కొబ్బరితోట. వ్యాఘ్రేశ్వరం, పుల్లేటికుర్రు, ఇరుసుమండ, వక్కలంక, నేదునూరు, ముక్కామల, మొసలపల్లి, పాలగుమ్మి, గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం, పెదపూడి... ఈ పదకొండు ఊళ్ల శివుళ్లు రంగురంగుల ప్రభల మీద వచ్చి ఇక్కడ కొలువుదీరతారు. వాళ్లే ఏకాదశ రుద్రులు. 2023 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీ కవాతులో మన రాష్ట్ర శకటం ఈ ప్రభల తీర్థమే.

అన్నిటికన్నా ఒళ్లు గగుర్పొడిచేది గంగలకుర్రు, అగ్రహారం ప్రభల రాక. వెదురుతో కట్టిన ఆ ఎత్తయిన ప్రభల్ని భుజాల మీద మోస్తూ పచ్చని చేలకు అడ్డంపడి వస్తారు. పైరు నలిగిందని రైతు నొచ్చుకోడు, శివుడు నడిచాడని మురిసిపోతాడు. తర్వాత ఎగువ కౌశిక అడ్డొస్తుంది. 'శరభా... అశ్శరభా' అంటూ నీళ్లలోకి దిగుతారు. ఒకవైపు భుజం తగ్గితే ఇంకోవైపు సర్దుకోవాలి. ఒక కాలు జారితే పక్కవాడు పట్టుకోవాలి. గట్టు మీదున్న వేలమంది ఊపిరి బిగబట్టి చూస్తుంటారు. ప్రభ ఒరగకుండా అవతలి గట్టెక్కిందా, తోటంతా ఒకటే కేక!

దేవుడి ప్రభకూ ఫోన్లో ఆటకూ పోలికేంటి అంటారా? పోలిక లేదు. కానీ అక్కడ భుజం కలిపేందుకు ఉద్యోగానికి సెలవు పెట్టి వచ్చిన అన్నయ్యే, సాయంత్రం తమ్ముడి పక్కన నిలబడి కయోగర్ మీదా భుజం కలుపుతాడు.

పెద్దలకూ చోటుంది!

పోకెమాన్ సృష్టికర్త సతోషి తజిరికి చిన్నప్పుడు పురుగుల్ని పట్టి పోగేయడం సరదా. ఆ సరదాలోంచే 1996లో తొలి పోకెమాన్ ఆట పుట్టింది. తూనీగలు పట్టి తోకకు దారం కట్టిన తాతయ్యకు ఇది అర్థం కాకుండా ఉంటుందా? ఆయన ఫోన్లోనూ ఆట పెట్టి, కనీస స్థాయి దాటించి నిలబెడితే లెక్కలో ఇంకొకరు పెరిగినట్టే.

జాగ్రత్తలూ ముఖ్యమే. కోనసీమలో అడుగడుగునా కాలువలే. గట్టు మీద నడుస్తూ తెర చూడొద్దు, ఆగాకే చూడాలి. బండి నడుపుతూ అసలే వద్దు. గుడి దగ్గరైతే ప్రాకారం బయట, దర్శనానికి వచ్చేవారికి అడ్డులేని చోట నిలబడాలి. గుళ్లలో ఈ ఆట గుడ్లు కనిపించడం మనోభావాల్ని దెబ్బతీస్తోందంటూ 2016లోనే గుజరాత్ హైకోర్టులో వ్యాజ్యం పడింది. మన హద్దుల్లో మనముంటే ఏ గొడవా లేదు.

గెలిచాక అసలు పరీక్ష

అందరూ కలిసి దాన్ని ఓడించారనుకోండి. కథ అయిపోలేదు. కొన్ని తెల్ల బంతులిస్తారు. వాటితోనే కయోగర్‌ని పట్టాలి. పోరు ఉమ్మడిదే అయినా బంతి ఎవరికి వారే విసరాలి. చేతులు వణుకుతాయి. ఒకడికి మొదటి బంతికే దొరుకుతుంది, ఇంకొకడికి ఆఖరి బంతి కూడా తప్పి పారిపోతుంది. ఏడుపు ముఖం పెట్టిన చిన్నోడికి అమ్మమ్మ ఓ పొట్టిక్క బుట్ట చేతిలో పెట్టి 'రేపు మళ్లీ కొడదాంలేరా' అంటుంది. ఆవిడకు అప్పటికే సగం ఆట వచ్చేసి ఉంటుంది!

ముక్కనుమ దాటాక కార్లు మళ్లీ గౌతమి వంతెన ఎక్కుతాయి. అరుగు ఖాళీ అవుతుంది. కానీ ఈసారి పిల్లలు ఒకరి ఫోన్లో ఒకరు స్నేహితులుగా చేరిపోయారు. పోకీస్టాప్ దగ్గర దొరికే కానుకను రోజుకొకటి చొప్పున పంపుకోవచ్చు. దానితోపాటు ఆ చోటు బొమ్మతో ఓ పోస్టుకార్డూ వెళుతుంది. స్నేహం ముదిరేకొద్దీ కలిసి చేసే పోరులో దెబ్బ బలం పెరుగుతుంది. ప్రాణస్నేహితులు కావడానికి తొంభై రోజులు పడుతుంది.

కనుమ నుంచి లెక్కేసుకోండి... సరిగ్గా వేసవి సెలవుల ముంగిటికి!

ఎలా వెళ్లాలి?

రాజమహేంద్రవరం దాకా రైలు, విమాన సౌకర్యాలున్నాయి. అక్కడి నుంచి రావులపాలెం, కొత్తపేటల మీదుగా అమలాపురం సుమారు 65 కిలోమీటర్లు. కాకినాడ నుంచైతే యానాం-ఎదుర్లంక వంతెన మీదుగా రావొచ్చు. నరసాపురం వైపు నుంచి వచ్చేవారు చించినాడ వంతెన దాటితే దిండి, ఆపైన రాజోలు.